చప్పుడు చేయని కంప్రెసర్

మా ఆయన కార్లకు రంగు లోపలి నుంచి వేస్తారు. ఈ మాట చెప్పగానే ఎవరైనా నన్ను ఎగాదిగా చూస్తారు. నిజం కార్లు కాదు లెండి. చేతిలో రిమోట్ పట్టుకుని మైదానంలో పరుగెత్తించే బొమ్మ కార్లు. వాటి పైడొప్ప గాజులా కనిపించే పల్చటి ప్లాస్టిక్కు. రంగు బయట వేస్తే మొదటి పల్టీకే గీసుకుపోతుంది కాబట్టి, డొప్పను వెల్లకిలా తిప్పి దాని కడుపులో వేయాలి. అందుకే ఈ పనిలో అంతా తిరకాసు. బయటికి ముందు కనిపించాల్సిన గీతలూ అంకెలూ మొట్టమొదట వేయాలి, వెడల్పాటి రంగు ఆ తర్వాత, అన్నిటికీ వెనక తెల్ల పూత ఆఖరున. పొరపాటున ఒక చుక్క పడితే దాని మీద ఇంకో పూత వేసి కప్పేద్దామంటే కుదరదు. మొదట పడ్డదే లోకానికి కనిపిస్తుంది. నాలాంటి కంగారు మనిషి చేయదగ్గ పని కాదది. పక్కన కూర్చుని చూడడానికే నాకు గుండె చాలదు.

అయినా చూస్తూనే ఉండేదాన్ని. మాది మేడ మీద వాటా. నా కుట్టుమిషను మధ్య గదిలో, ఆయన పని వెనక గదిలో. మధ్యలో తలుపు తీసే ఉంటుంది. నేను స్కూలు యూనిఫారాలకు కాలర్లు కుడుతూ తలెత్తితే ఆయన వీపు కనిపిస్తుంది. ఆ వీపు ఎలా ఉందో చూసి పని ఎలా సాగుతోందో చెప్పగలను. ముప్పై ఏళ్ల కాపురంలో నేను నేర్చుకున్న విద్య అదొక్కటే.

అంతకు ముందు ఇరవై ఆరేళ్లు ఆయన కార్ల షెడ్డులో పెయింటరు. గుద్దుకుని సొట్టపడిన కారుకు కొత్త తలుపు బిగిస్తే, ఏది పాతదో ఏది కొత్తదో సొంతదారు కూడా పోల్చుకోలేనట్టు రంగు కలిపేవారు. గన్నులోకి ఎంత గాలి వదలాలో చెప్పే మీటరు వంక ఆయన ఏనాడూ చూసి ఎరగరు. ఒకసారి గన్ను నొక్కి, ఆ సుయ్‌మనే చప్పుడు విని, మర కొంచెం అటో ఇటో తిప్పేవారు. షెడ్డులో మంచి పనివాళ్లందరిదీ అదే పద్ధతి. మీటరు చూసేవాడు పెయింటరేనా అని వెక్కిరించుకునేవాళ్లు కూడాను.

రెండేళ్ల కిందట ఓ మధ్యాహ్నం వేళకాని వేళ ఇంటికి వచ్చారు. భోజనం డబ్బా తెరవకుండానే బల్ల మీద పెట్టారు. "ఇంక రావద్దన్నారు" అన్నారు.

"ఎందుకట?"

"వయసైందట."

యాభై మూడేళ్లకే వయసైందని అన్న ఆ ఓనరును నాకు వచ్చిన తిట్లన్నీ తిట్టాను. ఈయన మాత్రం ఒక్క మాట అనలేదు. ఆ రోజే కాదు, తర్వాత నాలుగు నెలలూ అనలేదు. పొద్దంతా గోడ వైపు తిరిగి పడుకునేవారు. ఏదైనా అడిగితే ఓ తల ఊపు, లేకపోతే ఓ నీరసపు ఊఁ. నేనే మాట్లాడి, నేనే జవాబు చెప్పుకుని, ఆఖరికి పోట్లాట కూడా నేనొక్కదాన్నే పెట్టుకునేదాన్ని. పక్కన మనిషి ఉండీ లేకపోవడం ఎంత భయంగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

నా పన్ను పుణ్యమా అని మనిషి మళ్లీ లేచారు. పన్ను పీకించుకోవడానికి వెళుతూ ఈయన్ని తోడు తీసుకెళ్లాను. పళ్ల డాక్టరు బల్ల మీద ఓ బొమ్మ కారు ఉంది. మంచి ఎరుపే గానీ పూత నిండా దద్దుర్లు. నాలుగు నెలలుగా నోరు విప్పని మా ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని, "ఈ పని ఎవడు చేశాడండీ?" అన్నారు. "నేనే" అన్నాడు డాక్టరు సిగ్గుపడుతూ. ఇంక నా సంగతి ఇద్దరూ మర్చిపోయారు. సగం మొద్దుబారిన నోరు తెరుచుకుని అరగంట కూర్చున్నాను. కోపం రాలేదు. ఆయన గొంతు విని ఎన్నాళ్లైందో మరి.

డాక్టరూ ఆయన స్నేహితులు ఇంకో ఎనిమిది మందీ ఆదివారాలు ఆ కార్ల పందేలు వేసుకుంటారు. వాళ్ల డొప్పలన్నీ మా వెనక గదికి రావడం మొదలైంది. పెన్నులా పట్టుకునే చిన్న గన్ను వచ్చింది, దాన్ని ఎయిర్‌బ్రష్ అంటారు. నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. దానికి గాలి పంపడానికి మూతపడుతున్న ఓ పంక్చర్ల షాపులోంచి పాత కంప్రెసర్ ఒకటి మోసుకొచ్చారు. మనిషి తెల్లవారకముందే లేచి, ముఖం కడుక్కుని, గడ్డం గీసుకుని పనిలో కూర్చునేవారు. మాటలు మాత్రం పెరగలేదు. పోనీలే, వీపు నిటారుగా ఉంది, నాకు అది చాలనుకున్నాను. ఆ గదే పోతే మనిషి మళ్లీ గోడ వైపు తిరుగుతారు. పగలంతా నన్ను పట్టి పీడించే భయం అదొక్కటే.

ఆ భయానికి తగ్గట్టే కింద ఇంటివాళ్లున్నారు. ఇంటాయనది రాత్రి డ్యూటీ, పగలు నిద్ర. ఇంటావిడ మంచిదే, మొదటి ఏడాది పల్లెత్తు మాట అనలేదు. గత ఆరు నెలలుగానే ముఖం మాడ్చుకోవడం మొదలుపెట్టింది. మీ మిషను గోల రోజురోజుకీ ఎక్కువవుతోందనేది. అదే మిషను, అదే గది, గోల ఎలా పెరుగుతుందని నేను లోపల్లోపల విసుక్కునేదాన్ని. ఓ రోజు మెట్లెక్కి వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"వదినా, ఏమీ అనుకోకు. నెలాఖరుకి ఆ మిషనైనా పోవాలి, మీరైనా పోవాలి. ఆయనకి బీపీ వచ్చింది నిద్దర్లేక."

రంగుల పని అంటే ఇల్లెవరిస్తారు? గుట్టుగా మూడు ఇళ్లు చూసి వచ్చాను. పెయింటు అన్న మాట వినగానే ముగ్గురి ముఖాలూ ఒకేలా ముడుచుకున్నాయి.

దీనికి తోడు పని కూడా చెడుతోంది. గీతలు తిన్నగా రావడానికి డొప్పకు లోపల టేపు అంటిస్తారు. ఆ టేపు కిందికి రంగు దూరిపోవడం మొదలైంది. నల్ల గీత అంచు మీసాలు మొలిచినట్టు వచ్చేది. రెండు డొప్పలు పూర్తిగా పాడయ్యాయి. టేపు మంచిది కాదన్నారు, రంగు పల్చనైందన్నారు, గాల్లో చెమ్మ ఉందన్నారు. చేయి మాత్రం ఎప్పటిలాగే నిలకడగా ఉంది. డాక్టరు మెత్తటి మనిషి, పాడైనవి పక్కన పెట్టేసి, కొత్తవి ఎనిమిది చేతికిచ్చి, "ఏడాది పందెం దగ్గరికొస్తోంది మేస్త్రీ, ఈ ఎనిమిదీ కాస్త జాగ్రత్త" అన్నాడు. ఆయన తల ఊపారు.

కొత్త కంప్రెసర్ కొనడమే దారి. వారం రోజులు క్యాలెండరు వెనక రాసుకున్నారు. రాత గుండ్రంగా ఉంటుంది ఆయనది, నేను చదివాను. ట్యాంకు లేనిది చిన్నదే గానీ గాలి నాడి కొట్టుకున్నట్టు ఆగి ఆగి వస్తుంది, గీత వణుకుతుంది. ట్యాంకు ఉంటే గాలి ముందు అందులో నిండి, సాఫీగా వస్తుంది, నిండగానే మోటారు దానంతటదే ఆగుతుంది. ఫ్రిజ్ మోటారు లాంటిది పెట్టిన రకం అన్నిటికన్నా నెమ్మది, కాకపోతే బరువు, దాని నూనె ఒక్క చుక్క గాలితో వచ్చిందంటే పూతలో చిల్లులు పడతాయి. గొట్టానికి, గాల్లో చెమ్మ రంగులోకి పోకుండా నీళ్లు పట్టే గాజు బుడ్డి తప్పకుండా ఉండాలి. అన్నిటి కిందా "గాలి 25 చాలు" అని రెండు గీతలు గీసి ఉంది.

"నాకు ఇవేవీ తెలీదు. అది చప్పుడు చేయకూడదు. అంతే" అన్నాను. వంటింట్లోంచి ఓసారి, మిషను దగ్గర్నుంచి ఓసారి, ఆయన చెప్పులు తొడుక్కుంటుంటే ఎదురుగా నిలబడి ఓసారి చెప్పాను. మూడోసారి తల ఊపారు. నాకు రెండు డజన్ల యూనిఫారాలు సాయంత్రానికి ఇవ్వాల్సి ఉండి, ఆయన్ని ఒక్కరినే పంపాను.

మధ్యాహ్నానికి వచ్చారు. రెండు చేతులా పెట్టె. ముఖంలో ఎన్నడూ లేని వెలుగు. గదిలో దించి, గొట్టం తగిలించి, నన్ను పిలిచారు.

"మూడు లీటర్ల ట్యాంకు. నిండగానే ఆగిపోతుంది. చప్పుడంటావా, పిల్లి నడిచినట్టే" అని స్విచ్చు వేశారు.

ఇత్తడి బిందెలో గులకరాళ్లు పోసి ఊపినట్టు గది దద్దరిల్లింది. నా మిషను మీద కత్తెర గజగజలాడుతూ అంచు దాకా జరిగింది. పాతదే నయం. నాకు ఒళ్లు మండిపోయింది. నాతో వేళాకోళమా అనుకుని, "నవ్వుతారేం? మతి గానీ పోయిందా మీకు?" అని అరిచాను.

ఆయన నా పెదాల వైపు చూశారు. నవ్వు కొంచెం చెదిరింది. మళ్లీ కూడదీసుకుని, మెచ్చుకోలు కోసం చూస్తున్నట్టు, మెల్లగా అడిగారు.

"బావుంది కదూ?"

ఆ గోలలో ఆ మనిషి తృప్తిగా నిలబడి ఉన్నారు. మెట్ల మీద ఇంటావిడ కేకలు నాకు వినిపిస్తున్నాయి. తలుపు దబదబా బాదుతోంది. తలుపు ఆయనకు రెండడుగుల దూరంలో ఉంది. ఆయన వెనక్కి తిరగలేదు.

నేనే వెళ్లి స్విచ్చు తీసి, తలుపు తెరిచాను.

"నెలాఖరు దాకా గడువిచ్చానంటే, అప్పటిదాకా మా చెవులు పగలగొట్టమని కాదు వదినా!"

"షాపువాడు తప్పుది ఇచ్చాడు. రేపే మార్చేస్తాం. ఆయన మీద ఒట్టు" అని చేతులు పట్టుకున్నాను. ఆవిడ నా ముఖంలో ఏం చూసిందో గానీ ఇంకేమీ అనకుండా దిగిపోయింది.

తలుపు వేసి వచ్చాను. ఆయన అటు తిరిగి కూర్చుని ట్యాంకు మీద దుమ్ము తుడుస్తున్నారు. వెనక నిలబడి, మామూలు గొంతుతో, "ఏమండీ, నేను మా పుట్టింటికి వెళ్లిపోతున్నాను" అన్నాను. తుడుస్తున్నారు. "ఇంక రాను" అన్నాను ఇంకాస్త పెంచి. గుడ్డ మడత మార్చుకుని మళ్లీ తుడవసాగారు. ముప్పై ఏళ్లలో ఆ బెదిరింపుకు ఆయన నవ్వకుండా ఉన్నది అదే మొదటిసారి.

డాబా మీదికి వెళ్లి షెడ్డులో సొట్టలు తీసే మేస్త్రికి ఫోను చేశాను. ఆయనా ఈయనా ఒకే రోజు పనిలో చేరినవాళ్లు.

"నీకు ఇన్నాళ్లూ చెప్పలేదా చెల్లెమ్మా?" అన్నాడు. "వ్యాను రివర్సులో వస్తోంది. హారను మోగుతూనే ఉంది, మేమందరం కేకలేస్తున్నాం. కదిలితేగా! నేను చొక్కా పట్టి లాగాను, లేకపోతే గోడకీ వ్యానుకీ మధ్య నలిగిపోయేవాడు. ఓనరు బెదిరిపోయాడు. ఇంటికి చెప్పొద్దని మీ ఆయనే నాతో ఒట్టేయించుకున్నాడమ్మా. ఇరవై ఆరేళ్లు ఆ పెద్ద కంప్రెసరు పక్కనే కదా వాడి చోటు."

ఫోను పెట్టేసి అక్కడే కూలబడ్డాను. వయసైందని ఇంటికి పంపలేదన్నమాట. తల ఊపులన్నీ అలకలు కాదన్నమాట. గోడకు చెప్పుకున్నట్టుందని ఆయన్ని ఎన్నిసార్లు అన్నానో లెక్కేలేదు. ఒక్కొక్కటీ గుర్తొస్తుంటే సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చాయి. కిందికి వచ్చి పాత కంప్రెసర్ మీటరు చూశాను. ముల్లు యాభై దగ్గర ఉంది. ఇరవై అయిదు చాలని రాసుకున్న మనిషి యాభై ఎందుకు పెట్టారు? అప్పుడు తట్టింది. ఆయన చప్పుడు విని గాలి పెడతారు. సుయ్‌మని వినిపించే దాకా మర తిప్పుతారు. ఆ చప్పుడు ఏ నెలకానెల దూరమవుతుంటే, ముల్లు ఏ నెలకానెల పైకి పోయింది. అంత గాలికి రంగు టేపు కిందికి దూరక ఏం చేస్తుంది! మిషను రొప్పక ఏం చేస్తుంది!

ఈ సంగతి ఆయనతో ఎలా అనాలో తెలియలేదు. తెలిసిపోయిందంటే గది వదిలేసి మళ్లీ మంచం ఎక్కుతారేమోనని భయం. తెలియనట్టు ఉంటే పని పోతుందని ఇంకో భయం. మర్నాడు మాత్రం పెట్టె ఆయన చేతికిచ్చి, నేనూ చెప్పులు తొడుక్కున్నాను.

షాపువాడు పెట్టె చూడగానే అందుకున్నాడు. "నేను ముందే చెప్పానమ్మా, ఇది గోలెక్కువ, ఇంట్లోకి పనికిరాదని. రెండుసార్లు చెప్పాను. సార్ తల ఊపారు, తీసుకెళ్లారు."

షాపులో ఇంకో ముగ్గురు ఉన్నారు. మా ఆయన షాపువాడి నోటినే చూస్తున్నారు. చెవుల దాకా ఎర్రబడ్డారు.

"ఇది కావాలన్నది నేను. తెలీక అన్నాను. మిగతావి చూపించండి" అన్నాను. మార్చడం కుదరదన్న మాట వాడి నోట రానివ్వలేదు. నా గొంతు అలా ఉంటే షాపువాళ్లు సాధారణంగా వాదించరు.

ఒకటి వేశాడు. కంసాలి దుకాణంలా ఠక్‌ఠక్‌మంది. నేను తల అడ్డంగా ఊపాను. ఇంకోటి వేశాడు. నయమే గానీ మధ్యమధ్య కీచుమంటోంది. కాదన్నాను. అప్పుడు గమనించాను. మా ఆయన కంప్రెసర్ల వంక చూడడం లేదు. ప్రతిసారీ నా ముఖం చూస్తున్నారు. ఒక అరచేయి మాత్రం ట్యాంకు మీద ఆనించి, అది అదిరే తీరు పట్టుకుంటున్నారు. నాకు తెలిసిపోయిందని ఆయనకు అర్థమైంది. మూడోది, ఫ్రిజ్ మోటారు రకం, ఓ మూల నుంచి ఈడ్చుకొచ్చి వేశాడు. షాపులో ఫ్యాను చప్పుడు దాన్ని మించి ఉంది. నేను నవ్వాను. ఆయన ట్యాంకు మీది చేయి తీయకుండానే, "నూనె ఆపే బుడ్డి కూడా పెట్టివ్వండి" అన్నారు షాపువాడితో.

ఇంటికి తెచ్చి అమర్చారు. ఒక్కటి పాడైనా బదులు ఇంకోటి లేదు, డాక్టరు ఇచ్చినవి సరిగ్గా ఎనిమిదే. ఆయన ఎయిర్‌బ్రష్ పట్టుకుని నొక్కారు. తల పక్కకి వంచారు. మర తిప్పారు. ముల్లు ఇరవై అయిదు దాటింది, ముప్పై దాటింది. ఇంకా తిప్పుతున్నారు. లేచి వెళ్లి ఆయన చేతి మీద చేయి వేశాను. మీటరు చూపించాను.

"గాలి వస్తోందా?" అన్నారు.

"వస్తోంది. సుయ్‌మంటోంది. నేను వింటున్నానుగా."

తర్వాత మర వెనక్కి తిప్పి, ముల్లు ఇరవై అయిదు మీద ఆపి, ఎయిర్‌బ్రష్‌ను లోపలి మణికట్టు మీదికి పెట్టి నొక్కారు. అక్కడ చర్మానికి గాలి ఎలా తగులుతోందో చూసుకున్నారు. మళ్లీ నొక్కారు. ఇరవై ఆరేళ్ల అలవాటును మణికట్టుకు నేర్పుతున్నట్టు అలా పదిసార్లైనా చేసి ఉంటారు.

మొదటి డొప్పకు నల్ల గీతలు వేశారు. ఆరాక టేపు లాగేసి నీలం. ఆరాక తెలుపు. డొప్ప తిప్పి, బయటి వైపు అంటించి ఉన్న పల్చటి కాగితంలాంటి పొరను ఒలిచారు. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఆయన డొప్పను కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకుని ఉన్నారు. గీతల అంచులు బ్లేడుతో కోసినట్టు ఉన్నాయి. మీసం అన్నది మచ్చుకైనా లేదు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

అప్పుడే ఇంటావిడ పైకి వచ్చింది. గుమ్మంలోంచే గది నలుమూలలా చూసింది. "కొత్త మిషను ఎప్పుడు మొదలెడతారు వదినా? ఆయన లేచి ఉన్నప్పుడు ఒకసారి వేసి చూపిస్తే మాకూ బెంగ తీరుతుంది" అంది. అప్పుడు కంప్రెసర్ తిరుగుతూనే ఉంది. వేలు పెట్టి చూపించాను. వంగి, చెవి దగ్గర పెట్టి విని, "ఓసి దీని దుంప తెగ" అని నవ్వుతూ దిగిపోయింది.

ఆవిడ వెళ్లాక తలుపు మూసి, ఆయన ఎదురుగా స్టూలు మీద కూర్చున్నాను. ఎదురుగానే కూర్చోవాలని అప్పటికి నేర్చుకున్నాను. చెవి డాక్టరు దగ్గరికి మంగళవారం వెళదామని, పళ్ల డాక్టరు స్నేహితుడేనని చెప్పాను. ఎంత పోయిందో, ఇంకెంత పోతుందో అక్కడ ఏం చెబుతారోనన్న భయం మాత్రం చెప్పలేదు. పెదాలు చూసి అంతా విన్నారు. సరేనన్నారు.

"ఎందుకు చెప్పలేదండీ?" అన్నాను. "రెండేళ్లు. నాతో కూడా మాట్లాడకుండా..."

ఆయన డొప్పను ఒళ్లో పెట్టుకుని అంచులు తడుముతూ ఉండిపోయారు. పెదాలు కదిలాయి గానీ సగం మాట నాకే అందలేదు. ముందుకు వంగాను.

"షెడ్డులో ముసలి పాలిషాయన ఉండేవాడు" అన్నారు. "చెవులు పోయాయి. తను అరుస్తున్నానని ఆయనకి తెలీదు. మంచినీళ్లు అడిగినా పోట్లాడినట్టే ఉండేది. ఆయన అటు తిరగ్గానే అందరం ఆ గొంతు అనుకరించి నవ్వేవాళ్లం. నేనూ నవ్వాను." ఆగారు. "నా గొంతు ఎంత వస్తోందో నాకు తెలీడం లేదు. అరుస్తానేమోనని... అసలు మాట్లాడకపోతే గొడవే లేదు కదా అని."

కింద ఇంటాయన నిద్రపోతున్నాడు. వంటింట్లో పంపు చుక్కచుక్కగా కారుతోంది. అది కూడా వినిపించేంత నిశ్శబ్దంగా ఉంది ఇల్లు. ఆయన నా ముఖం మీద నుంచి చూపు తిప్పకుండా, దాదాపు గాలితోనే అడిగారు.

"ఇప్పుడు గట్టిగా మాట్లాడుతున్నానా?"

"లేదండీ" అన్నాను. ఏడుపు ఆపుకోలేకపోయాను. "ఇంకా గట్టిగా మాట్లాడండి."